అడాజన్ కబుర్లు: ఆషాఢం లోపల ఓ అద్దె ఇల్లు

సూరత్‌లో మా అడాజన్ పేటలో మామిడిపళ్ల కాలం చివరికొచ్చింది. గుజరాత్ గ్యాస్ సర్కిల్ దగ్గర బండ్ల మీద కేసర్ పెట్టెలు పల్చబడ్డాయి. ఉన్నవాటిలో సగం మెత్తబడ్డవే. మా పక్క ఫ్లాట్ వాళ్లు మాత్రం ఇంకా రసం-పూరీ వదల్లేదు. ఆరుద్ర కార్తె వస్తే ఇక్కడి పెద్దవాళ్లు మామిడిపండు ముట్టరు, అందుకని ఆ లోపల ఎంత తింటే అంత. డాబాల మీద ఛుందో, అంటే తీపి మామిడి పచ్చడి, జాడీలు నోటికి గుడ్డ కట్టుకుని ఎండలో కూర్చున్నాయి. వాటి మధ్య మా ఆవకాయ జాడీ ఒకటి. దాని ఘాటుకి పైఅంతస్తు బెన్, అంటే అక్కగారు, రోజూ ఒకసారి తుమ్మి, రోజూ ఒక ముక్క అడిగి పట్టుకెళ్తోంది.

ఈ కాలంలోనే అడాజన్ నిండా ఇంకో రకం పంట కనిపిస్తుంది. బాల్కనీ ఊచలకి, గేట్లకి, పాన్ దుకాణం గోడకి, 'భాడే ఆప్‌వాను ఛే' అని అట్టముక్కలు. అద్దెకిస్తాం అని. కింద ఫోన్ నంబరు, దాని కింద 'దలాల్‌లు రావద్దు' అని ఒక ముక్క. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తేది దలాలే. బడులు తెరిచే నెల కదా, పిల్లల సీటు ఎక్కడ దొరికితే ఇల్లు అక్కడికి మారాలి. పైగా వాన దంచికొట్టడం మొదలైతే సామాన్ల టెంపో వాడు రేటు పెంచేస్తాడు. మన తెలుగువాళ్లకైతే ఇంకో తొందర కూడా ఉంది, ఆషాఢం. గుజరాతీల నెలలు కూడా మనలాగే అమావాస్యతో ముగుస్తాయి, కాబట్టి వాళ్ల అషాఢ్, మన ఆషాఢం ఒకేరోజు మొదలవుతాయి. ఉత్తరాది పొరుగువాళ్లతో వచ్చే పదిహేను రోజుల తేడా పేచీ ఇక్కడ లేదు. జ్యేష్ఠ అమావాస్య లోపల పాలు పొంగించేయాలి, అంతే.

ఈ ఏడు ఆ హడావిడి మా ఇంటికే వచ్చింది. మా అన్నయ్య కొడుక్కి హజీరాలో ఒక ప్లాంటులో ఉద్యోగం. భార్య, యూకేజీకి వెళ్లాల్సిన పిల్ల. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ నుంచి దిగీ దిగగానే చెప్పేశాడు, "అత్తా, ఇంటికి మొత్తం కలిపి పదిహేను వేలు. దానిమీద ఒక్క రూపాయి కూడా పెట్టలేను. ఊళ్లో ఇంటి లోను కడుతున్నా" అని. వాడి భార్య వెనకనుంచి మెల్లగా, "పిన్నిగారూ, బాత్రూమ్ మాత్రం బాగుండాలి" అంది. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది.

సూరత్‌లో తెలుగువాళ్లంటే చాలామందికి గుర్తొచ్చేది లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి మగ్గాల మీద పనికొచ్చిన పద్మశాలీలు తరాలుగా స్థిరపడ్డ పేటలు అవి. లక్షల్లో ఉంటారు. ఇక్కడి మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం ఉందంటే వాళ్ల వల్లే. బతుకమ్మ వచ్చిందంటే ఆ వీధులు చూడాలి. అడాజన్ వేరే సంగతి. ఇది తాపీ నదికి పడమటి గట్టు. ఇటు తెలుగువాళ్లు చెదురుమదురుగా ఉంటాం. హజీరా ఫ్యాక్టరీల ఇంజనీర్లు, బ్యాంకుల వాళ్లు, నది దాటి ఎస్‌వీఎన్‌ఐటీలో పాఠాలు చెప్పేవాళ్లు, ఈమధ్య లింబాయత్‌లో పుట్టి చార్టర్డ్ అకౌంటెంట్లయిన మగ్గం పనివాళ్ల పిల్లలు. హజీరా రోడ్డు ఇటే మొదలవుతుంది, కంపెనీ బస్సులు ఇక్కడే ఎక్కించుకుంటాయి. అందుకని అద్దె ఎక్కువైనా ఈ గట్టునే వెతుక్కుంటారు.

వెతుకులాట మొదలైంది. ఇక్కడ బ్రోకర్ మొదటి ప్రశ్న బడ్జెట్ కాదు. "కెట్లా జణ్?" ఎంతమంది అని. రెండోది "వెజ్ ఛో నే?" శాకాహారులేగా అని. అది అడిగే తీరులోనే జవాబు కూడా పెట్టేస్తారు. మావాడు నిజాయితీగా "ఆదివారం చేపలు" అన్నాడు. బ్రోకర్ చేతిలో ఉన్న తాళాల గుత్తి అక్కడికక్కడే సగానికి సగం తేలికైపోయింది. కొన్ని సొసైటీల్లో ఓనర్ సరేనన్నా కమిటీ ఒప్పుకోదు. పెళ్లికాని కుర్రాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లు శాకాహారులైనా పనికిరారు. ఇంటి ఓనర్‌కి తన ఇంటి మీద హక్కుందని అనొచ్చు గానీ, కనపడిన ప్రతి సొసైటీ అదే మాట అంటుంటే అది ఒకరి ఇష్టం కాదు, ఊరి కట్టుబాటు. తిన్నది దాచుకుని బతకమనడం నాకు నచ్చదు. నచ్చకపోయినా ఇల్లు దొరకాలి కదా, అక్కడే మనందరి నోళ్లూ మూతపడతాయి.

మొదట చూసింది పాల్ వైపు. పదమూడంతస్తుల కొత్త టవరు. ముందర ఫౌంటెను, అద్దాల లాబీ, రెండు లిఫ్టులు, పిల్లలకి జారుడుబల్ల. 2021లో పాల్-ఉమ్రా వంతెన తెరిచినప్పటి నుంచి ఆ వైపు మోజు పెరిగింది. నది దాటి యూనివర్సిటీ వైపు వెళ్లాలంటే ఇప్పుడు చుట్టు తిరగక్కర్లేదు. ఫ్లాటు తొమ్మిదో అంతస్తులో. కిటికీ తీస్తే గాలి ఈలలు వేస్తోంది. మా కోడలు బాత్రూమ్ చూసి, కుళాయి తిప్పి, మళ్లీ కట్టేసి, ఇంకోసారి తిప్పింది. మనసు పడిందని అర్థమైపోయింది. అద్దె పదిహేను వేలు. "చాల్‌శే?" అన్నాడు బ్రోకర్. సరిపోతుందా అని.

అక్కడ మావాణ్ణి ఆపి, మెట్ల దగ్గర కూర్చోబెట్టి కాగితం తీయించాను. అద్దె 15,000. మెయింటెనెన్సు 2,500, అది అద్దెకున్నవాళ్లే కట్టాలట. నెలకి 17,500 అయింది. ఒప్పందం పదకొండు నెలలు కాబట్టి 1,92,500. బ్రోకర్‌కి ఒక నెల అద్దె, 15,000. మొత్తం 2,07,500. దాన్ని పదకొండుతో భాగిస్తే నెలకి 18,863 రూపాయలు. డిపాజిట్ మూడు నెలలది, 45,000. అది తిరిగొచ్చేదే గానీ ఇవాళ జేబులోంచి పోయేదే. ఈ లెక్క అంతా ఫౌంటెను చప్పుడు మధ్యనే వేశాం. మావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోడలు ఏమీ అనలేదు, లిఫ్టులో దిగేటప్పుడు అద్దంలో జుట్టు సరిచేసుకుంది.

ఇక్కడో మాట. డిపాజిట్ ఎంత అడగొచ్చు అన్నదానికి కేంద్రం 2021లో ఒక నమూనా అద్దె చట్టం ఆమోదించింది. కాపురం ఉండే ఇంటికి రెండు నెలల అద్దె మించి తీసుకోకూడదని అందులో ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. బ్రోకర్‌కి ఆ మాట చెప్పి చూడండి, నవ్వి ఇంకో ఇల్లు చూపిస్తాడు.

ఇంకో ఇల్లు బ్రోకర్ చూపించింది కాదు. మా ఆయన స్నేహితుడికి తెలిసినవాళ్లది, రాందేర్ రోడ్డు వైపు ఒక రో-హౌసు. కింద భాగం అద్దెకి, పైన ఓనర్లు. ఈ రో-హౌసులు అడాజన్ పాత అందం. పక్కపక్కనే ఆనుకున్న సన్నటి ఇళ్లు, ప్రతి ఇంటి ముందర ఒక ఓట్లో. అంటే మన వీధి అరుగే. రాత్రి తొమ్మిదయితే వీధి వీధంతా ఆ అరుగుల మీదే ఉంటుంది. వేరుశనగలు వలుచుకుంటూ ఒకరు, కోడలి మీద ఫిర్యాదుతో ఒకరు. లోపల హాల్లో హీంచ్కో, గొలుసుల ఉయ్యాల, అది కూడా అద్దెలోనే. మా మనవరాలు దాన్నెక్కి దిగనంది. అద్దె 11,000. మెయింటెనెన్సు లేదు, బ్రోకర్ లేడు, డిపాజిట్ ఒక నెల. వంటింట్లో ఏం వండుకున్నా అడగరట. ఒకే ఒక షరతు, జనవరి 14, 15 తేదీల్లో డాబా పూర్తిగా వాళ్లది. ఉత్తరాయణానికి వాళ్ల చుట్టాలు గాలిపటాలెగరేయడానికి ముప్ఫైమంది వస్తారు, మెట్ల మీద దారివ్వాలి. నవ్వొచ్చింది గానీ సూరత్‌లో అది నవ్వే విషయం కాదు. డాబా కోసం ఇక్కడ అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు.

అన్నీ బాగున్నాయి. టోకెన్ ఇచ్చేద్దామని మావాడు ఫోను తీశాడు. నేను లోపలికెళ్లి మెట్ల కింది గోడ చూశాను. అక్కడ సామాన్లు పెట్టుకునే చీకటి మూల. రంగు అంతవరకూ వేయలేదు. నా భుజం కంటే పైన, గోడకడ్డంగా మట్టిరంగు గీత ఒకటి, తిన్నగా, లెవెల్ పెట్టి గీసినట్టు. దాని కింద సున్నం పెచ్చులూడి ఉంది, పైన నున్నగా ఉంది. గోరుతో గీస్తే గీత దగ్గర పొడి రాలింది. ఓనర్ బెన్ నా వెనకే నిలబడి, దాచకుండా చెప్పింది, "బే హజార్ ఛ" అని. రెండు వేల ఆరు.

కొత్తగా వచ్చినవాళ్లకి ఆ సంవత్సరం తెలియదు. 2006 ఆగస్టు మొదటి పక్షం. పైన మహారాష్ట్రలో తాపీ పరీవాహకంలో వానలు కురిసి, సూరత్‌కి సుమారు వంద కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయ్ డ్యామ్ నిండిపోయింది. గేట్లెత్తితే దాదాపు తొమ్మిది లక్షల క్యూసెక్కులు కిందకొచ్చాయి. నది అన్ని నీళ్లు మోయలేదు. ఊళ్లో ఎక్కువ భాగం మునిగింది. అడాజన్, రాందేర్ అయితే చెప్పనక్కర్లేదు, కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనం పై అంతస్తుల్లో, డాబాల మీద కూర్చుని హెలికాప్టర్లు వేసే పొట్లాల కోసం చూశారు. డ్యామ్‌లో నీళ్లు ముందే కొంచెం కొంచెం వదిలి ఉంటే ఇంత జరిగేది కాదన్న వాదన అప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి పత్రికల్లో ఉకాయ్ నీటిమట్టం రోజూ వేస్తారు. 345 అడుగులు పూర్తి మట్టం. మా వీధిలో కిరాణా కొట్టు కాకా పొద్దున్నే టీ తాగుతూ ఆ అంకె చదివి వినిపిస్తాడు. మన దగ్గర ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారా అని గోదావరి జిల్లాల్లో ఎలా అడుగుతారో, ఇక్కడ ఉకాయ్ ఎంతుంది అని అలా అడుగుతారు.

ఆ తర్వాత అంత వరద రాలేదు, నిజమే. కట్టలు ఎత్తు పెంచారు, డ్యామ్ నడిపే పద్ధతి మారింది. కింది అంతస్తులో వేలమంది హాయిగా ఉన్నారు. కానీ వరద రాకపోయినా, గట్టి వానకి వీధి నీళ్లు గడప దాకా రావడం అనేది ఉంది. ఫ్రిజ్ ఇటుకల మీద పెట్టి ఉంది ఆ ఇంట్లో. అది చూశాక నాకిక అడగాల్సిన ప్రశ్నలు లేవు. లెక్కకైతే ఇదే అన్నిటికంటే చవక. కంపెనీ బస్సు ఆ వైపు రాదు కాబట్టి స్టాపుకి ఆటో రానూపోనూ 80 రూపాయలు, నెలకి 26 రోజులకి 2,080. అయినా మొత్తం 13,080 దగ్గరే తేలుతుంది. మావాడు ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. నెలకి రెండు వేలు మిగలడమంటే చిన్న మాట కాదు, ఊళ్లో లోనుకి ఒక మూల ఆనుతుంది.

ఈలోగా ఆదివారం గోంగూర కోసం లింబాయత్ వెళ్లాం. అక్కడ మాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. నలభై ఏళ్లు మగ్గం మీద పనిచేసి, ఇప్పుడు కొడుకు షాపు చూసుకుంటున్నారు. సంగతి విని, "నది అవతల కిరాయి ఎక్కువ బిడ్డా, ఇటు రారాదు. పది వేలకు మంచి ఇల్లు దొరుకుతది, పిల్లకు తెలుగొస్తది, పండుగకు నలుగురుంటరు" అన్నారు. అందులో అబద్ధం లేదు. మా కోడలి మొహం వెలిగింది కూడా. కూరగాయల బండి దగ్గర తెలుగులో బేరమాడి వారం దాటింది మరి. కానీ హజీరా నుంచి లింబాయత్ ఊరికి ఆ చివర. షిఫ్టు దిగి ఊరంతా దాటి ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోతుంది. పైగా వాన బాధ అక్కడా తప్పదు. అక్కడ నది కాదు, ఖాడీలు, అంటే వాగులు. మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్, పర్వత్ పాటియా వైపు పల్లపు వీధుల్లో మోకాటిలోతు నీళ్లు. ఈ ఊళ్లో పేదవాడికీ మధ్యతరగతివాడికీ తేడా ఒకటే, ఏ నీళ్లలో మునుగుతాం అన్నది. పెద్దాయన గోంగూర కట్టలు డబ్బు తీసుకోకుండా సంచీలో వేసి పంపారు.

మెట్రో వస్తే ఈ దూరం తగ్గుతుందని ఒక ఆశ. రెండో లైను భేసాణ్ నుంచి సారోలీ దాకా, 18 స్టేషన్లు. పాలన్‌పూర్ రోడ్డు, ఎల్.పి. సవాణీ స్కూలు, అడాజన్ గామ్, అక్వేరియం మీదుగా నది దాటి, మజూరా గేట్, ఉధనా దర్వాజా, మగోబ్ వైపు వెళ్తుంది. అంటే మా గట్టునీ, మనవాళ్ల పేటల్నీ ఒకే తాడు మీద కట్టినట్టు. 2021 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ప్రస్తుతానికి మాకు దక్కింది రేకుల కంచెలు, సగమైన రోడ్లు. బ్రోకర్లు మాత్రం ఇప్పటికే 'మెట్రో టచ్' అని వెయ్యి కలిపి చెబుతున్నారు. ఎక్కని రైలుకి ఇప్పటినుంచే టికెట్టు కొనకండి.

చివరికి దొరికిన ఇల్లు ఆనంద్ మహల్ రోడ్డు లోపలి సందులో. పాతకాలపు నాలుగంతస్తుల బిల్డింగు, లిఫ్టు లేదు. మూడో అంతస్తు. మెట్లు ఎక్కేటప్పుడు నాకు రెండో అంతస్తు దగ్గర ఊపిరాడక గోడ పట్టుకున్నాను. అక్కడ ఒక ముసలావిడ కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, 'కూర్చో' అని పక్క స్టూలు తోసింది. లిఫ్టు ఉన్న భవనంలో ఈ స్టూలు దొరకదు. ఫ్లాటు లోపల రెండు గదులు, ఒక హాలు. రంగు వెలిసిపోయింది. బాత్రూమ్ పలకలు లేత ఆకుపచ్చ, రెండు చోట్ల చీలిక. కోడలు కుళాయి తిప్పింది, నీళ్లు ధారగా వచ్చాయి, ఏమీ అనలేదు. వంటింటి వెనక చోక్డీ ఉంది. కింద కూర్చుని అంట్లు తోముకోవడానికి, బట్టలుతుక్కోవడానికి, చుట్టూ జానెడు గట్టు కట్టిన చిన్న తొట్టి లాంటి చోటు. ఈ కొత్త టవర్లలో దాన్ని వాష్ ఏరియా అని పేరు మార్చి వాషింగ్ మెషీను పట్టేంత చేసేశారు. ఇక్కడ మాత్రం పెద్ద ఇడ్లీ కుక్కరు, పొంగలి గిన్నె పెట్టి తోముకునేంత ఉంది. నేలకి వాలు సరిగ్గా ఉంది, మగ్గెడు నీళ్లు పోస్తే మూలనున్న రంధ్రంలోకి నేరుగా వెళ్లిపోయాయి. ఇల్లు కట్టిన మేస్త్రీ మీద నాకు అక్కడే గౌరవం కలిగింది. గదుల మీద అటకలు లోతుగా ఉన్నాయి, ఊరినుంచి వచ్చే బియ్యం బస్తాలకి ఢోకా లేదు. పైన ఇంకో అంతస్తు ఉంది కాబట్టి మేలో స్లాబు వేడి దిగదు, జూలైలో కప్పు కారదు. చవకగా వస్తోంది కదా అని చిట్టచివరి అంతస్తు తీసుకునేవాళ్లకి ఈ రెండూ అద్దెలో కలిపే వస్తాయి.

ఓనర్ బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. తెలుగువాళ్లమని చెప్పగానే కుర్చీలో ముందుకి వంగి, "రావు సాహెబ్ వాళ్లా!" అన్నారు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి జనం రైళ్ల పైకప్పులెక్కి పారిపోయిన ఊరు ఇది. ఆ మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు తెలుగువారు. అధికారుల్ని పొద్దున్నే ఆఫీసుల్లోంచి వీధుల్లోకి తోలి, చెత్త ఎత్తించి, అక్రమ కట్టడాలు పడగొట్టించి, ఊరి రూపే మార్చేశారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానం పంచుకుంది. దానికి పునాది ఆయన కాలంలో పడిందని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పేరు పుణ్యమా అని మాకు టీ వచ్చింది, టీ తాగుతుండగా అద్దె పద్నాలుగు నుంచి పదమూడు వేలకి దిగింది. చేపల సంగతి మావాడు మళ్లీ నిజమే చెప్పాడు. పెద్దాయన ఆలోచించి, "మీ వంటిల్లు మీది. చెత్త బండి వచ్చినప్పుడు మాత్రం పొట్లం గట్టిగా కట్టి వేయండి. కింద అంతస్తు వాళ్లు జైనులు" అన్నారు. ఇంతకంటే మర్యాదైన ఒప్పందం నేను ఈ ఊళ్లో వినలేదు.

అసలు మాంసం తినాలనుకునేవాడికి రాందేర్ దగ్గరే ఉంది. రంజాన్ నెలలో ఆ వీధుల్లో దొరికే ఖావ్సా తినని అడాజన్ కుర్రాడు లేడు. అది బర్మా నూడుల్స్ వంట. రాందేర్ వ్యాపారులు ఒకప్పుడు రంగూన్‌లో పెద్ద పెద్ద దుకాణాలు నడిపారు, అక్కడ సూర్తీ మసీదు కూడా కట్టుకున్నారు. అదే కాలంలో కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి మనవాళ్లు 'రంగం' పోయి కూలి చేశారు. వాళ్లు నూడుల్స్ వెంట తెచ్చుకున్నారు, మనవాళ్లు పాటలు తెచ్చుకున్నారు.

ఆనంద్ మహల్ రోడ్డు ఇంటి లెక్క చెప్పలేదు కదూ. అద్దె 13,000, మెయింటెనెన్సు 700. పదకొండు నెలలకి 1,50,700. బ్రోకర్‌కి 13,000. మొత్తం 1,63,700, నెలకి 14,881. పదిహేను వేలకి నూటపంతొమ్మిది రూపాయలు తక్కువ. కంపెనీ బస్సు సందు చివరే ఆగుతుంది. కోడలు తర్వాత రింగ్ రోడ్డు వైపు ఏదైనా ఉద్యోగంలో చేరితే నడిచి వెళ్లేంత దూరంలో సిటీ బస్సు. రో-హౌసుతో పోలిస్తే నెలకి పద్దెనిమిది వందలు ఎక్కువ. మూడో అంతస్తు ఎత్తుకి, వాన రాత్రుళ్లు పడుకునే నిద్రకి అది ధర. నేనైతే దాన్ని ఖర్చు అనను.

కాగితాల పని మాత్రం బద్ధకించకండి. పదకొండు నెలలే ఎందుకంటే, ఏడాది దాటిన లీజు తప్పకుండా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి అందరూ ఒక నెల కోసేస్తారు. అయినా స్టాంపు కాగితం మీద రాయించుకోవాలి. ఏడాది తిరిగాక ఎంత పెంచుతారో అందులోనే రాయించాలి. ఫ్యాన్లు, గీజరు ఎవరివి, వెళ్లేటప్పుడు రంగు ఎవరు వేయించాలి, ఇవి కూడా. అద్దెకొచ్చినవాళ్ల వివరాలు పోలీసులకి ఇవ్వాల్సింది ఓనరే. ఇచ్చినట్టు రశీదు కాపీ మీరూ తీసుకోండి. పాత ఆదాయపన్ను పద్ధతిలో ఉండి ఇంటద్దె మినహాయింపు అడిగేవాళ్లకి ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరు కావాలి. చాలామంది ఓనర్లు ఆ మాట ఎత్తగానే వినపడనట్టు ఉంటారు, కాబట్టి టోకెన్ ఇవ్వకముందే అడగాలి. కరెంటు మీటరు, పైపు గ్యాసు మీటరు అంకెలు చేరిన రోజే ఫోటో తీసుకోవాలి. కార్పొరేషన్ నీళ్లు ఏ వేళకొస్తాయో ఓనర్‌ని కాదు, పనమ్మాయిని అడగండి.

జ్యేష్ఠ బహుళంలో ఒక గురువారం పాలు పొంగించారు. గుజరాతీలు కొత్త ఇంట్లోకి ముందు నీళ్ల కుండ పట్టుకెళ్తారు. రెండో అంతస్తు ముసలావిడ ఆ కుండ తనే తెచ్చి దేవుడి మూలలో పెట్టింది. పాలగిన్నె పక్కన కుండ, కుండ పక్కన ఆవకాయ జాడీ. కోడలు బాత్రూమ్ చీలికల్లో తెల్ల సిమెంటు తనే పూసుకుంది. రంగు దీపావళికి వేయిస్తానని ఓనర్ మాటిచ్చారు, కాగితం మీద కూడా రాశారు.

వానలు పట్టేశాయి. రాందేర్-సింగణ్‌పోర్ కాజ్‌వే మీద నీటిమట్టం ఆరు మీటర్లు దాటిందంటే రాకపోకలు ఆపేస్తారు. అటువైపు పనులుంటే ముందు కనుక్కుని బయల్దేరండి. అషాఢీ బీజ్‌కి జగన్నాథ రథయాత్ర ఉంటుంది, ఆ సాయంత్రం ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. పొంక్ వడలు ఎప్పుడని అడుగుతున్నారు మావాళ్లు. పచ్చిజొన్న శీతాకాలంలోనే వస్తుంది, అప్పటిదాకా మొక్కజొన్న పొత్తులతో సరిపెట్టుకోవాలి.

ఇక్కడ ఇల్లు చూడాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఎండలో అన్ని ఇళ్లూ బాగానే ఉంటాయి. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లి చూడండి, మెట్ల కింది గోడ తప్పకుండా చూడండి. బ్రోకర్ రానంటే మీరొక్కరే వెళ్లండి.